మనోవ్యాధియు మన కర్తవ్యమును



మనస్సు క్రుంగుట వ్యాధియేగాని వంశమునకు కళంకము కాదు. పెండ్లిసంబంధములు తప్పునను భీతిచే మనవారు దానిని దాచుచున్నారు. దాచినకొలది అది ముదురుచున్నది.

మన యానామునకు దవ్వుగాని పశ్చిమగోదావరి జిల్లాలో, 30 గిరిజన గ్రామములందు జార్జి ఇన్‌స్టిట్యూట్‌వారు జరిపిన పరిశోధన 2017లో ప్రకటితమైనది. ఆశా కార్యకర్తలు పలకవంటి ట్యాబ్లెట్టు చేతబట్టి యింటింట విచారించి, వ్యాధిలక్షణములు గలవారిని ప్రాథమికారోగ్యకేంద్ర వైద్యులకడకు పంపిరి; జనుల అపోహలను తొలగింప బోధలు గావించిరి. అట్టివారిలో పూర్వము చికిత్స పొందినవారు నూటికి 0.8, పిదప 12.6. వృద్ధి ఘనమే, అయినను మిగిలినవారి మాటయేమి? యంత్రము వ్యాధిని గుర్తింపగలదు. రోగిని గడప దాటింపవలసినవారు బంధువులే.

2022లో భారతప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్‌కు 14416 సంఖ్యపై ఫోను చేసిన అహోరాత్రములు ఉచితముగ సలహా లభించును. ఈ సంఖ్యను ప్రతి గృహమునందును వ్రాసియుంచుడని, రోగిని నిందింపక వైద్యునికడకు తోడ్కొనిపొండని ప్రార్థించుచు విరమించుచున్నాను.