ఏటికి వదిలిన పొలం



తుళ్లూరు చుట్టుపక్కల సాగు ఆగిన నేలలు చాలా ఉన్నాయి. 2015లో రాజధాని కోసం భూసమీకరణ జరిగిన దరిమిలా, పత్తీ మిరపా పండిన నల్లరేగళ్లలో ఎన్నో చెక్కలు నాగలికి దూరమైనాయి. వాటిలో కృష్ణ ఒడ్డునా, కొండవీటి వాగు వెంబడీ ఉన్న పల్లపు నేలల గురించే ఈ పూట ముచ్చటించుకుందాం. మెరక నేలల సంగతి వేరు.

సాగు మానేస్తే చాలు, నేల దానంతటదే బాగుపడుతుందని కొందరంటారు. మన కళ్లముందు జరిగిందేమిటి? సర్కారు తుమ్మ కమ్మేసింది. 2024లో ఆ కంప కొట్టించడానికి యంత్రాలు దింపవలసి వచ్చింది. వాగు నడుమ ఈ తుమ్మ పెరిగితే వరదలో కొట్టుకొచ్చిన చెత్తంతా దానికి చిక్కుకుని అడ్డుకట్ట అవుతుంది. కనుక నేలను ఊరికే వదిలేసి, ఏటికోసం కాపాడామనుకుంటే పొరపాటు.

కొండవీటి వాగు సంగతి మీకు నేను చెప్పేదేముంది! కొండవీడు కొండల్లో కురిసిన వాన తాడికొండ, తుళ్లూరు పొలాల మీదుగా ఉండవల్లి దగ్గర కృష్ణలో కలవాలి. ఆ సమయానికి ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణ నిండుగా ఉంటే వాగు నీరు దిగదు, వెనక్కి తంతుంది. నీరుకొండ పొలాలు మునిగేది అందుకే. 2018లో ఉండవల్లి దగ్గర 5,000 క్యూసెక్కులు తోడే ఎత్తిపోతల పథకం మొదలైంది. నీరుకొండ, కృష్ణాయపాలెం, శాఖమూరుల వద్ద జలాశయాలను కూడా రాజధాని ప్రణాళికలో చేర్చారు.

ఇక్కడ ఒక లెక్క చూడండి. ఎకరంలో మూడడుగుల నీరు నిలిస్తే సుమారు 37 లక్షల లీటర్లు. నూరెకరాల పల్లం అలా నిండితే 37 కోట్ల లీటర్లు. వినడానికి గొప్పగానే ఉన్నది. ఉండవల్లి పంపులన్నీ పూర్తి జోరుతో తిరిగితే ఆ నీటిని ముప్పావు గంటలోపే తోడేస్తాయి. అయినా ఆ ముప్పావు గంట వాగుకు చిన్న విషయం కాదు. వరద ఉరవడి తగ్గుతుంది, ఒండ్రు అక్కడే దిగుతుంది, దిగువ పైరు మీదికి నీరు ఒక్కుమ్మడిగా వచ్చి పడదు.

కృష్ణ ముందు మాత్రం ఈ లెక్క నిలవదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పారింది. 2009 అక్టోబరు వరదను కూడా అది మించింది. అంతటి ప్రవాహం మన నూరెకరాల పల్లాన్ని పన్నెండు సెకన్లలో నింపేస్తుంది. అందుకని కృష్ణ ఒడ్డు నేల నీటిని దాచుకుంటుందని ఆశపడకండి. అది చేయవలసింది దారివ్వడం. అక్కడ గట్టుగానీ, గోడగానీ, షెడ్డుగానీ లేకపోతే అదే పెద్ద ఉపకారం.

మరి అక్కడ ఏం పెంచాలి? నీరు పారే నడిమి భాగంలో గడ్డీ రెల్లూ ఉంటే చాలు; వరదకు తలవంచి మళ్లీ లేస్తాయి. కోత పడే ఒడ్డున వట్టివేరు వరుసలు పెట్టండి. నేరేడు, కానుగ, వేప వంటివి పై అంచున, మెరక మీద. చెట్ల వరుస ప్రవాహానికి అడ్డంగా కాక, వెంబడిగా సాగాలి. మొదటి రెండేళ్లూ పశువులను తోలకుండా గడ్డి కోసుకుపోతే వేళ్లు కుదురుకుంటాయి. సర్కారు తుమ్మను మోడు నరికితే మళ్లీ చిగురిస్తుంది. లేతగా ఉన్నప్పుడే వేళ్లతో పెకలించాలి. నదీ గర్భంలో ఏ పని తలపెట్టినా 1884 నాటి నదీ పరిరక్షణ చట్టం ఉన్నదని మరువక, ముందుగా అనుమతి తీసుకోండి.

రెల్లు నిలిచిన చోటికి కొంగలూ, నీటికాకులూ, లకుముకి పిట్టలూ వస్తాయి. గుడ్లగూబ ఎలుకలను పడుతుంది, అది మీకే లాభం. అడవిపందులు కూడా చేరతాయి కదా అని మీరు అడగవచ్చు. చేరతాయి, కాదనను. పైరుకూ పొదకూ మధ్య కొంత బయలు ఉంచి శుభ్రంగా చూసుకుంటే బెడద తగ్గుతుంది, పూర్తిగా పోదు. మందు కొట్టిన స్ప్రేయర్లను మాత్రం వాగులో కడగవద్దు సుమా.

కార్తీకంలో వనభోజనాలకు ఎక్కడెక్కడికో బండి కట్టుకుపోతాం. మన ఒడ్డునే ఒక మట్టిబాటా, నాలుగు చెట్ల నీడా ఉంటే పిల్లలు ఆడుకోరా? అయితే సిమెంటు బల్లలూ దుకాణాలూ పెట్టారంటే మళ్లీ ఏటికి అడ్డం వేసినట్లే.

అసలు చిక్కు పొట్టకు సంబంధించినది. లంకల్లో అరటీ, కందా, కూరగాయలూ వేసుకుని బతికే వారిని లేచిపొమ్మంటే ఎవరు ఒప్పుకుంటారు? కొల్లేటిని 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించారు. అక్కడి జిరాయితీ భూముల పరిహారం తగవు ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది. హాలెండు దేశంలో 1993, 1995 వరదల తరువాత నదికి చోటివ్వాలని పథకం వేసినప్పుడు, ఓవర్‌డీప్ అనే చోట రైతులే ముందుకొచ్చి ఒక ఉపాయం చెప్పారు. పొలాన్ని వరదకు విడిచి, ఎత్తు దిబ్బలు పోయించుకుని కొందరు వాటిపైన పాడి కొనసాగించారు. మరికొందరు పరిహారం పుచ్చుకుని వేరేచోటికి వెళ్లారు. విస్తరణ మిత్రులు ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్పాలి. గడ్డి కోత హక్కు, మొక్కల కాపలా కూలి, వట్టివేరు నారు పెంపకం ముందుగా ఆ సాగుదార్లకే దక్కేటట్లు పంచాయతీ చేత రాతపూర్వకంగా తీర్మానం చేయించండి. నోటిమాట మీద నేల విడవమని నేనైతే ఏ రైతుకూ చెప్పను.

తొలకరికి ముందే ఒక ఉదయం ఊరి పెద్దలతో కలిసి వాగు వెంట నడవండి. 2024లో నీరు ఎక్కడిదాకా వచ్చిందో ఆ ఒడ్డున బతికేవారిని అడిగి, అక్కడక్కడా రాళ్లు పాతి సున్నం పూయండి. ఏ చెక్క ఏటికి విడవాలో, ఏది విడవనక్కరలేదో ఆ రాళ్ల దగ్గర నిలబడి మాట్లాడుకోవచ్చు. సెలవు.