సంస్థల నిర్వహణలో మార్పు నివేదిక ఆవశ్యకత



మగ్గాన్ని నమ్ముకొని సోలాపూర్ చేరిన మన పెద్దలు ఇక్కడ బడులు, గ్రంథాలయాలు నెలకొల్పారు. వాటిని నిలుపుకోవడం నేటి కార్యవర్గాల బాధ్యత.

1950 నాటి మహారాష్ట్ర పబ్లిక్ ట్రస్టుల చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ధర్మకర్త మరణించినా, రాజీనామా చేసినా, కొత్తవారు నియమితులైనా 90 రోజులలోగా ధర్మాదాయ కార్యాలయానికి మార్పు నివేదిక సమర్పించాలి. కొన్ని సంస్థలలో ఎన్నిక ఘనంగా జరుగుతుంది గాని, నివేదిక సొరుగు దాటదు. ఏళ్ళు గడిచేసరికి రిజిస్టరులో కీర్తిశేషుల పేర్లే మిగులుతాయి. బ్యాంకులో సంతకం ఎవరిది, భవనానికి బాధ్యులెవరు అన్న వివాదం అప్పుడే తలెత్తుతుంది.

36వ సెక్షన్ మరొక రక్షణ. ధర్మాదాయ ఆయుక్తుల ముందస్తు అనుమతి లేనిదే ట్రస్టు స్థిరాస్తిని విక్రయించరాదు, దానమీయరాదు. భవనాన్ని మూడేళ్ళకు మించి లీజుకు ఇవ్వరాదు. కార్యవర్గం ఏకగ్రీవంగా తీర్మానించినా ఈ అనుమతి తప్పదు.

కనుక ఎన్నిక ముగిసిన నాడే సమావేశపు నోటీసు, హాజరు పట్టీ, తీర్మానం, కొత్తవారి సమ్మతి పత్రాలు ఒకచోట చేర్చండి. నివేదిక ఎవరు దాఖలు చేయాలో ఆ సభలోనే నిర్ణయించండి. మరాఠీ పత్రమైతే తెలుగులో చెప్పించుకొని, అర్థమైన పిమ్మటే సంతకం చేయండి. రసీదును మినిట్సు పుస్తకంతో భద్రపరచండి.