గురువుకు నివాళి: పియానో మీద, కల్యాణిలో



పోయిన ఏడు మా బడిలో పాటల మాస్టారు రిటైరైన రోజు, ఒక పిల్లవాడు అచ్చం ఆయనలాగే పాడాడు. మధ్యలో ఆయన గొంతు సవరించుకోవడం కూడా వదల్లేదు. అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం, "నన్ను దించినావు సరేరా, పాట యాడ పెట్టినావు?" అన్నారు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది. పెద్దవాళ్లను గౌరవించడమంటే మరి ఏమిటి అని చాలా రోజులు ఆలోచించాను.

ఫ్రాన్సు దేశపు స్వరకర్త క్లోద్ దెబ్యుసీ 1905లో 'ఇమాజ్' అనే పేరుతో మూడు పియానో రచనలు వెలువరించాడు. అందులో రెండవది 'రామోకు నివాళి'. రామో 1683లో పుట్టి 1764లో పోయిన ఫ్రెంచి స్వరకర్త. 1722లో స్వరమేళనం మీద పెద్ద శాస్త్రగ్రంథం రాసినవాడు. దెబ్యుసీ ఆయనను పత్రికల్లో మెచ్చుకున్నాడు, ఆయన సంగీతనాటకం ఒకదాన్ని ముద్రణకు పరిష్కరించాడు కూడా. అంత తెలిసినవాడు రామో బాణీని దించెయ్యడం ఎంతసేపు? దించలేదు. రామో రాసింది హార్ప్సికార్డుకు. అందులో తీగలను మీటుతారు, మన వీణలాగ. పియానోలో చిన్న సుత్తులు తీగలను కొడతాయి, నాదం చాలాసేపు నిలుస్తుంది. దెబ్యుసీ ఆ నిలిచే నాదాన్నే నమ్ముకున్నాడు. రామో కాలం నాటి సారబాంద్ అనే నిదానపు నాట్యం నడకను మాత్రం తీసుకుని, అదీ బిగించి వాయించవద్దని పైన రాసిపెట్టాడు. మొదట రెండు చేతులూ ఒకే వరుసను పలుకుతాయి, తోడు స్వరాలు లేకుండా. ఆ తర్వాతే ఒకదాని వెనుక ఒకటిగా స్వరాల గుంపులు వచ్చి చేరతాయి. ఇతన్ని ఇంప్రెషనిస్టు అంటారు. ఆ మాట అతనికే నచ్చలేదు, మనమూ వదిలేద్దాం.

మన పక్కనే ఇలాంటిది ఒకటుంది. మైసూరు వాసుదేవాచార్యులు (1865-1961) కన్నడనాట పుట్టి, తెలుగులోనూ సంస్కృతంలోనూ కృతులు రాశారు. ఆయన గురువు పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు. అయ్యరు గురువు మానంబుచావడి వెంకటసుబ్బయ్య, త్యాగరాజస్వామికి నేరు శిష్యుడు. ఆచార్యులవారు కల్యాణి రాగంలో 'శ్రీమదాది త్యాగరాజ గురువరం' అని రాశారు. అక్కడ మాటలున్నాయి, పేరుంది. దెబ్యుసీకి శీర్షిక తప్ప మాటే లేదు. కష్టమైన దారి అతనిదే అని నాకనిపిస్తుంది.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే మా పిల్లలకు ఆచార్యులవారి సంగతి వెంటనే అర్థమయింది. పియానో సంగతే చిక్కు. మా నాన్న పనిచేసిన చాంపియన్ రీఫ్ గని 2001లో మూతపడింది. ఒక సాయంత్రం సైనైడు దిబ్బలు కనబడే మా వరండాలో, ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఫోనులో ఆ రచన వినిపించాను. ఆసాంతం విని, "ఇందులో రామో యాడున్నాడు సార్?" అని అడిగాడు.

మొదట్లో ఒంటరిగా వచ్చే ఆ స్వరాలను మళ్లీ పెట్టాను.