నీరు మాయమయ్యే దారి

ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్ డేల్స్‌లో మాలమ్ అనే చిన్న ఊరుంది. అక్కడినుంచి వాగు వెంట, గొర్రెలు మేసే పొలాల మధ్యగా కాస్త నడిస్తే చాలు, దాదాపు 80 మీటర్ల ఎత్తున సున్నపురాతి గోడ ఒంపు తిరిగి ఎదురు నిలుస్తుంది. అదే మాలమ్ కోవ్. మంచుయుగం చివర, కరిగిన నీరు దీనిమీదినుంచి జలపాతమై దూకేది. ఇప్పుడు పొడిగానే ఉంటుంది. 2015 డిసెంబరు కుంభవృష్టికి మాత్రం కొద్దిసేపు మళ్లీ దూకింది.

మెట్లెక్కి పైకి వెళితే, అక్కడ పరుచుకున్న చదునైన రాతిబండలను చూసి మన బేతంచెర్ల నాపరాళ్లు పరిచిన వాకిలి గుర్తొస్తుంది. కానీ ఈ బండలను పరిచింది మనిషి కాదు. హిమానీనదం పైమట్టిని గీకేసింది, వాననీటిలోని కొద్దిపాటి ఆమ్లం బండల మధ్య సందులను తొలిచింది. వంగి చూడండి, గొర్రెల నోటికి అందని ఆ సందుల నీడలో ఫెర్న్ మొక్కలు పచ్చగా కనిపిస్తాయి.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసేది నీటి ప్రయాణం. ఎగువనున్న మాలమ్ టార్న్ చెరువునుంచి వచ్చే వాగు కొంతదూరం పారి, ఉన్నట్టుండి భూమిలోకి ఇంకిపోతుంది. కోవ్ అడుగున పుట్టే వాగు అదేనని ఎవరికైనా అనిపిస్తుంది. పరీక్షించి చూస్తే, ఆ నీరు ప్రధానంగా ఊరు దాటాక ఎయిర్‌హెడ్ ఊటల దగ్గర పైకొస్తోందని తేలింది!

వెళ్లేవారికి ఒక్క మాట. తడిస్తే కోవ్ మీది బండలు బాగా జారతాయి, నిదానంగా అడుగేయండి.