పన్ను పీకితే చూపు పోతుందా?

మా పెద్దమ్మకి పై దవడ పన్ను పుచ్చిపోయి రెండేళ్లయింది. ఒక పక్కే నములుతుంది. పీకించుకో పెద్దమ్మా అంటే, "కళ్లు పోతాయిరా" అంటుంది. ఈ మాట మీ ఇంట్లో కూడా వినే ఉంటారు.

సూటిగా చెప్తున్నా, పోవు. పై పళ్ల నొప్పిని మోసుకెళ్లేది ట్రైజెమినల్ నరం కొమ్మ. చూపుకి ఆప్టిక్ నరం. రెండూ వేరువేరు లైన్లు. పళ్లు ఊడే వయసులోనే కళ్లలో శుక్లాలు కూడా వస్తాయి కదా, ఎవరో రెండింటికీ ముడిపెట్టేశారని నా అనుమానం.

ఇక పీకడం. పన్ను ఎముకకి అతుక్కుపోయి ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నారల పొర ఉంటుంది. డాక్టర్ తెంపేది ఆ నారల్నే. ముందు లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇస్తారు. మందు అక్కడే ఎక్కువసేపు నిలవడానికి చాలాసార్లు అందులో అడ్రినలిన్ కలుపుతారు. అందుకే కొందరికి కాసేపు గుండె దడదడలాడుతుంది. అలా అనిపిస్తే డాక్టర్‌కి చెప్పండి. తర్వాత ఎలివేటర్ అనే పరికరంతో పన్నుని కదిలిస్తారు. పాతిన గుంజని అటూ ఇటూ ఊపి వదులు చేస్తాం చూడండి, అలాగే. ఆఖరికి పటకారు లాంటి ఫోర్సెప్స్. నొక్కుతున్నట్టు తెలుస్తుంది, కరకరమని చప్పుడు కూడా వినిపిస్తుంది. అది మామూలే. సూదిలా నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోకండి, చెయ్యెత్తండి. ఇంకాస్త మందు ఇస్తారు.

అసలు జాగ్రత్త ఆ తర్వాతే. గుంతలో గడ్డకట్టిన రక్తమే మనకి కట్టు. అది లేచిపోతే ఎముక బయటపడి, రెండు మూడు రోజులకి చెవిదాకా లాగే నొప్పి వస్తుంది. దాన్నే డ్రై సాకెట్ అంటారు. కాబట్టి గాజ్‌ని అరగంటైనా గట్టిగా కొరికి పట్టుకోండి. 24 గంటలు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దు. సిగరెట్ అయితే ఇంకొన్ని రోజులు ముట్టుకోకండి. ఐస్‌క్రీమ్ తినొచ్చు, స్పూన్‌తో! మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్లతో మెల్లగా పుక్కిలించండి.

రక్తం పలచబడే మాత్రలు వాడే పెద్దవాళ్లుంటే డాక్టర్‌కి ముందే చెప్పండి. వాటిని మీ అంతట మీరు ఆపకండి, అది గుండెకి ప్రమాదం. షుగర్ ఉన్నా చెప్పాలి.

పీకించుకున్నా, వాయిదా వేస్తున్నా, వాపు మెడకి దిగి నోరు తెరుచుకోకపోయినా, మింగడమో ఊపిరో కష్టమైనా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. రాత్రయినా సరే, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.