తివాచీపై పసుపు మరక

ఆర్మూరు ప్రాంతమున పసుపు పంట ఇల్లు చేరునప్పుడు దాని మరకయు వెంట వచ్చును. గడపకు మంగళమైన పసుపు తివాచీకి మాత్రము బెడద.

ఇందులకు కారణము కుర్కుమిన్ అను రంగు పదార్థము. వోగెల్, పెలెటియర్ అను శాస్త్రజ్ఞులు 1815లో దీనిని పసుపునుండి వేరుచేసిరి. ఇది నీట దాదాపు కరగదు, స్పిరిటులో కరగును. సబ్బు, చాకలిసోడా వంటి క్షారములు తగిలినచో ఎర్రబారును. పసుపు, సున్నము కలిపి పారాణి చేయు గృహిణులకు ఈ సంగతి క్రొత్త కాదు.

కనుక తడి తగులనీయక మొదట పొడిని దులుపవలెను. పిదప తెల్లని గుడ్డను స్పిరిటుతో తడిపి, మరక అంచునుండి నడిమికి అద్దవలెను, రుద్దరాదు. తివాచీ రంగు దిగునేమో ముందుగా ఒక మూలన పరీక్షింపుడు. మిగిలిన చాయను ఎండయే తీసివేయును.

బజారున దొరకు స్ప్రే డబ్బాలలో పెక్కింటియందు పెట్రోలియం ద్రావకములుండును. అవి గ్రీజును కరగించును గాని పసుపు రంగును కరగింపజాలవు. పసుపు మెరుగుపెట్టు డ్రమ్ముల ఇరుసులకు అవి పనికివచ్చును. కొమ్ములు తగులు లోపలి భాగమున మాత్రము చల్లరాదు.

ఈ ద్రావకముల ఆవిరి గాలికంటె బరువు. నేలవెంట ప్రాకి ప్రక్కగదిలోని పొయ్యిని చేరి భగ్గుమనగలదు. ఒకప్పుడు నిప్పంటుకొనదని కార్బన్ టెట్రాక్లోరైడును మెచ్చుకొనిరి; అది కాలేయమును చెరచునని తేలినది.

కావున కిటికీలు తెరచి, పొయ్యి ఆర్పి, పిల్లలను దూరముగ నుంచి, ఆ తరువాతనే సీసా మూత తీయుడు.