అర్ధక్రమ ఘనములు - మూలల లెక్క
(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

తలిదండ్రులారా,

ఈ బల్లమీది అట్టబంతిని ఏడవ తరగతి బాలుడొకడు పెండ్లిపత్రికల అట్టలతో చేసెను. ఇందు 12 పంచభుజులు, 20 షడ్భుజులు కలవు. 1970 ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలలో ఆడిన బంతి కూర్పు ఇట్టిదే.

ముఖములన్నియు ఒకే క్రమ బహుభుజియై, మూలలన్నియు ఒకే తీరున నుండి, ఎచ్చటను గుంటపడని ఘనములు ఐదే. ముఖములు రెండు మూడు రకములైనను, ఏ మూలనుండి చూచినను ఘనమంతయు ఒకే తీరున కనబడినచో, దానిని అర్ధక్రమ ఘనమందుము. పట్టకముల వంటివి లెక్కలేనన్ని. వానిని విడిచినచో మిగిలినవి 13. ఆర్కిమిడీస్ వీనిని కనుగొనెనని పాపస్ వ్రాసెను, మూలగ్రంథము నశించినది. 1619లో కెప్లర్ పదమూడింటిని మరల వివరించి పేర్లిడెను.

ఈ బంతి మొదట మూతపడలేదు. బాలుని తండ్రి తాపీపనివారు. కుమారుని పనిలో పెట్టుటకై టి.సి. కోరి మాయొద్దకు వచ్చిరి. బల్లమీది అట్టను త్రిప్పి చూచి, ఒక మూలపై వ్రేలుంచి, "ఈడ మూడూ ఆరుమూలల బిళ్లలే ఏసిండు సారూ. గట్లేస్తే నేల పరిచినట్టే, పైకి లేవదు" అనిరి.

ఆయన చెప్పినది నిజము. షడ్భుజి కోణము 120 డిగ్రీలు. మూడు కలిసినచో 360; సందు లేక నేలపై పరచుకొనును. ఒకదానికి మారుగ 108 డిగ్రీల పంచభుజి నుంచినచో 348 అగును. ఆ 12 డిగ్రీల లోటువలననే అట్ట వంగి పైకి లేచును. మూలలు 60, లోటు మొత్తము 720. పాచికను చూడుడు: మూలకు 90 లోటు, మూలలు 8, మొత్తము మరల 720! గుంటలేని ఏ ఘనమునకైనను ఇంతే. దీనిని 17వ శతాబ్దమున డెకార్ట్ కనుగొనెను.

1985లో శాస్త్రజ్ఞులు 60 పరమాణువుల కర్బనమును ఈ ఆకారముననే కనుగొని, 1996లో నోబెల్ బహుమానము పొందిరి.

కట్టడపు పనులకు వచ్చిన కామాఠీల పేరనే మన పేట వెలసినది. మీ చేతులకు తెలిసినదానికి కారణము మీ బిడ్డలకు తెలియవలెను. అది తెలుగున చెప్పినను అదే గణితము. పదవ తరగతి ముగియువరకైనను వారిని బడి మాన్పింపకుడని వేడుచున్నాము.

ఆ తండ్రి దరఖాస్తు మా సొరుగులోనే యున్నది. ఆయన మరల అడుగలేదు. మేమును బయటికి తీయలేదు. బాలుడు నేడు మీ నడుమ కూర్చున్నాడు.